కంట పడ్డాకే గీత

ఆస్పత్రి చీటీల కిటికీ దగ్గర నా ముందున్న ఆవిడ ఫోన్ నంబరు చెప్పింది. పది అంకెలూ ఎక్కం అప్పజెప్పినట్టు, ఎక్కడా ఆగకుండా. నాలుగో అంకె దగ్గరే నాకు తెలిసిపోయింది. ఆ నంబరు నాకూ కంఠతా వచ్చు. ఆ నంబరు గల మనిషిని పోయిన చలికాలంలో మట్టిచేసి వచ్చాం.

కిటికీ అవతలి గుమాస్తా ఆ అంకెలు కొట్టి తెర చూశాడు. తర్వాత ఆవిణ్ణి చూశాడు.

"దీదీ, దీని మీద డెబ్భై మూడేళ్ళ మగాయన ఉన్నాడే. నువ్వేనా ఆయన?"

వెనక లైనులో ఇద్దరు నవ్వారు. ఆవిడ చీర కొంగు ముఖం మీదికి లాక్కుని బెంగాలీలో చెప్పింది: "ఆయన మా టాలీ తాత. చచ్చిపోయాడు."

"చచ్చిపోతే ఎలా? పోయిన నెలే వచ్చాడు. చెవినొప్పి అని ఉంది ఇక్కడ."

నాకు నవ్వు రాలేదు. ఒళ్ళు మండింది. ఆ గుమాస్తా మీద కాదు. అతను తెర మీద ఉన్నది చదివాడు, అంతే. చచ్చిపోయిన మనిషికి ఆ తెర మీద చెవినొప్పి రావడానికి కారకులు వేరే ఉన్నారు. వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఆయన పేరు ఇక్కడ రాయను. చర్చి పుస్తకంలో ఒకటి, రేషన్ కార్డులో ఒకటి, రేవులోకి వెళ్ళే డాక్ పాసులో ఇంకొకటి, మూడు పేర్లుండేవి ఆయనకు. దేనితో పిలిచినా వెంటనే పలికేవాడు కాదు. ఈ బెంగాలీ నగరంలో రేవు పక్కనున్న వాట్‌గంజ్‌లో తెలుగువాళ్ళ గల్లీ అంతటికీ ఆయన టాలీ తాత. ఓడలోంచి క్రేను దించే మూటల్ని రేవులో నిలబడి లెక్కపెట్టే గుమాస్తాని టాలీ క్లర్కు అంటారు. ఆయన బతుకంతా ఆ పనే చేశాడు. ఉద్యోగం అయిపోయింది గాని లెక్క అయిపోలేదు. కుడిచెవి మీద ఎప్పుడూ ఓ సుద్దముక్క ఉండేది. ఏ గోడ దొరికితే ఆ గోడ మీద నాలుగు నిలువు గీతలు, వాటిని కొట్టేస్తూ ఐదోది అడ్డంగా. ఆదివారం ప్రార్థన అవగానే పాస్టరు దగ్గరికి వెళ్ళి, "ముప్పైయెనిమిది మంది అయ్యగారూ. అందల ఆరుగురు నిద్దరోనారు" అని చెప్పి వచ్చేవాడు. ఆ ఆరుగురూ ఎవరో మాత్రం పాస్టరు బతిమాలినా చెప్పేవాడు కాదు.

నన్ను మొదటిసారి కలిసింది నా ఉపన్యాసం తర్వాత. కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైన నేను, మూఢనమ్మకాల మీద మాట్లాడటానికి వాళ్ళ గల్లీ క్లబ్బుకి వెళ్ళాను. బాబాల్ని చీల్చి చెండాడాను. తాయెత్తుల్ని ఏకిపారేశాను. చప్పట్లు పడ్డాయి. ముందు వరసలోంచి ఓ బక్కపలచటి మనిషి లేచాడు.

"మేస్టారూ, 'అందరికీ తెలిసిన విషయమే' అని తొమ్మిదిసార్లన్నారండి. అందరంటే ఎవులెవులండి?"

క్లబ్బంతా గొల్లుమంది. నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"తప్పట్టకండి. మా రేవుల ఒకటే రూలు. పైనుండి ఒకడు 'ఇరవై మూటలు దింపీసినాం' అనరుస్తాడు. ఇన్నామని రాసీకూడదు. కంట పడ్డాకే గీత."

ఆ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో! పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు, చేపల బజార్లో, చావు కబురు వచ్చినప్పుడు కూడా. 'చాలామంది' అంటే ఒప్పుకునేవాడు కాదు. 'సుమారుగా' అంటే ముఖం తిప్పుకునేవాడు.

అప్పటి నుంచి ఆదివారాలు ఆయన ప్రార్థన నుంచి, నేను నా నాస్తికత్వం నుంచి నేరుగా ఒకే టీ కొట్టుకి వచ్చేవాళ్ళం. మట్టి ముంతల్లో టీ తాగుతూ కొట్టుకునేవాళ్ళం. ఒకసారి ఇక గెలిచాననుకున్నాను.

"కంట పడ్డాకే గీత అంటారుగా. మరి మీ దేవుడికి గీత ఎప్పుడు గీశారు?"

ఆయన ముంత కింద పెట్టి ఆలోచించాడు. నిజంగా ఆలోచించాడు. వాదంలో ఎదుటివాడి మాటకు ఆగి ఆలోచించే మనుషులు నాకు తక్కువ తగిలారు.

"గియ్యలేదండి. అందుకే మొక్కుతున్నాను. గీత గీసీసినదానికి మొక్కడమేటండి?"

అప్పుడు నాకది గడుసు మాటగానే వినిపించింది.

ఫోను సంగతి చెప్పాలి. గుడ్డతో కుట్టిన సంచిలో, మెడకు తాడుతో, బొత్తాల ఫోను. గల్లీలో ఎవరు ఏ కాగితం నింపినా దాని మీద ఆయన నంబరే. ఆస్పత్రి చీటీ, రేషన్ కార్డు, గ్యాసు, పిల్లల టీకాలు, అన్నిటికీ అదే. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ మగవాడి జేబులో పనికి పోతుంది. రీచార్జి చెయ్యకపోతే ఆ నంబరూ పోతుంది, మళ్ళీ కొత్తది. మారని నంబరు గల్లీలో ఒకటే. నంబరు ఇచ్చి ఊరుకునేవాడా! ఓటీపీ వచ్చిన ప్రతిసారీ సందులో నిలబడి కేక పెట్టేవాడు.

"ఒలే రూతమ్మా! నీ గ్యాసు నంబరొచ్చినాది! రాసుకో, ఏడూ... ఒకటీ..."

"తాతా, దొంగలింటారు!"

"ఇననీ. నీ సిలిండరు ఆడు మోసుకెల్తాడేటి?"

సరిగ్గా ఆ రోజుల్లోనే న్యూ టౌన్‌లో ఓ పరిశోధన కేంద్రం నన్ను సలహా సంఘంలోకి పిలిచింది. నగరం గురించి ఎవరెవరి దగ్గరో పడి ఉన్న సమాచారాన్నంతా కలిపి కుట్టడం వాళ్ళ పని. ఆస్పత్రి చీటీలు ఒకచోట, నీటి గొట్టాల పటాలు ఒకచోట, రేషన్ పేర్లు, కరెంటు మీటర్లు, బస్సు కార్డులు మరోచోట. వీటన్నిటినీ ముడిపెడితే ఏ వీధిలో జ్వరాలు ముదురుతున్నాయో, దానికి ఏ కాలువ కారణమో ముందే కనిపెట్టవచ్చు. ఇది మంచి ఆలోచన. ఇప్పటికీ అంటాను, మంచి ఆలోచన. శకునాలు చూసుకుని బతికే దేశంలో నిజాలు చూసుకుని బతికే దారి. ఎగిరి గంతేశాను. వ్యాసాలు రాశాను. 'ఇక నగరం తన నాడి తానే చూసుకుంటుంది' అని శీర్షిక కూడా పెట్టాను. ఇప్పుడు తలుచుకుంటే చెంప వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ వానాకాలం గల్లీలోకి కామెర్లు వచ్చాయి.

కుళాయి నీళ్ళు వాసన వేస్తున్నాయని ఆడవాళ్ళు అంటూనే ఉన్నారు. వార్డు ఆఫీసుకి రెండుసార్లు వెళ్ళారు, రాసుకుంటామన్నారు. ఆయన కుళాయి పక్క గోడ మీద గీతలు మొదలుపెట్టాడు. కళ్ళు పచ్చబడ్డ మనిషిని స్వయంగా చూసి వచ్చి ఒక గీత. టీ కొట్టులో నాకు చెప్పాడు: "పద్నాలుగు, మేస్టారూ. మీ కంప్యూటరోల్లకి ఓపాలి సెప్పండి."

నేను ఫోన్ తీసి కేంద్రం వాళ్ళ పటం తెరిచాను. గర్వంగా. ఆయన గల్లీ మీద ఆకుపచ్చ రంగు ఉంది.

"చూడండి. మీ గల్లీలో ఒక్కరే రోగి. ఆ మనిషే మళ్ళీ మళ్ళీ ఆస్పత్రికి వెళ్తున్నాడు. అందువల్ల మీకు ఎక్కువగా కనిపిస్తోంది."

"ఎవుడండి ఆ ఒక్కడు?"

"పేర్లు కనబడవు."

"మరి నాను సూసిన పద్నాలుగురు?"

అప్పుడు నేనన్న మాట ఇది. దాచుకోను. "మీ కళ్ళు మీ గల్లీనే చూస్తాయి. ఇది ఊరంతా చూస్తుంది" అన్నాను. ఆకాశం వైపు వేలు చూపి అన్నీ పైవాడు చూస్తాడనే వాళ్ళను నలభై ఏళ్ళుగా ఎగతాళి చేస్తున్నవాణ్ణి. ఆయన నా ముఖంలోకి అదోలా చూశాడు. టీ సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు.

తర్వాతి ఆదివారం ఆయన టీ కొట్టుకి రాలేదు. సోమవారం ఫోన్ చేశాడు. "మా కోడలికొచ్చీసినాది మేస్టారూ. ఏడో నెల. ఆస్పత్రిలో ఎట్టినాం." గొంతు మామూలుగానే ఉంది. "ఆ ఒక్కడెవుడో నాకు సూపించండి. ఎక్కడున్నాడో ఆ ఒక్కడు, సూస్తాను."

గర్భిణికి ఆ నీళ్ళ కామెర్లు వస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ రోజే న్యూ టౌన్ వెళ్ళాను. అక్కడ కరీంనగర్ నుంచి వచ్చిన ఓ ఇంజినీరమ్మాయి ఉండేది, తెలుగు వినబడితే చాలు ప్రాణం లేచొచ్చేది ఆ పిల్లకు. తలుపు వేసి ఆ రికార్డు తెరిచింది. చదువుతూ మొదట నవ్వింది.

"సార్, గీ మనిషి చూడుండ్రి. ఒక్క ఏడాదిల రెండుసార్లు గర్భం పరీక్ష చేయించుకున్నడు. పోలియో చుక్కలు ఏసుకున్నడు. కుక్క కరిచింది. మోకాళ్ళ నొప్పులు. ఇగ ఇప్పుడు..." కిందికి జరుపుతూ పోయి ఆగిపోయింది. "ఇప్పుడు కామెర్లు. పద్దెనిమిది సార్లు."

ఫోన్ నంబరు చూపించింది. టాలీ తాతదే.

"ఒక్క నంబరు, ఒక్క అడ్రసు ఉంటే ఒక్క మనిషే అనుకోవాలె. పేర్లు, వయసులు కలవకుంటే రాసేటోళ్ళ తప్పనుకోవాలె. మొదలు రాసినదే ఉంచాలె. దవాఖాన తెర మీద గూడ గదే వస్తది. గిదీ రూలు." ఆ పిల్ల నా వైపు చూడలేకపోయింది. "రూలు నేనే రాసిన సార్. మా ఇంట్ల ఒక్కొక్కరికి రెండు ఫోన్లుంటయి."

ఆ పిల్ల రాసింది. నిజమే. ఆ నియమాన్ని సమావేశంలో చదివి వినిపించినప్పుడు నేనున్నాను. తల ఊపాను. సమోసా తిన్నాను. ఓటీపీ కోసం సందులో కేకలు పెట్టే మనిషి ఎదురుగా కూర్చుని ప్రతి ఆదివారం టీ తాగేవాణ్ణి, నాకు తట్టలేదు! జాతకచక్రం ముందేసుకుని బతికున్నవాణ్ణి చూడకుండా వాడి ఆయుష్షు చెప్పే జోస్యుడికీ నాకూ ఏమిటి తేడా? వాడి దగ్గర తాటాకు, నా దగ్గర తెర.

మర్నాడు ఆయన పదకొండు మంది ఆడవాళ్ళను వెంటేసుకుని రెండు బస్సులు మారి న్యూ టౌన్ వచ్చాడు. ఆ ఒక్కడెవరో రాత్రే ఫోన్‌లో చెప్పాను, దారి చూపించాను, అంతకన్నా నేను చేసిందేమీ లేదు. అద్దాల గోడల హాలు. వీళ్ళ చెప్పుల బురద చూసి కాపలావాడు అడ్డుపడితే ఇంజినీరమ్మాయి లోపలికి తెచ్చింది. డైరెక్టరు మంచివాడు, మెత్తగా మాట్లాడే బెంగాలీ పెద్దమనిషి. అంతా విని, "ఇది చాలా విలువైన సూచన. వచ్చే అప్‌డేట్‌లో తప్పక చూస్తాం" అన్నాడు.

"అదెప్పుడు దాదా?" ఆయన బెంగాలీలోనే అడిగాడు.

"మూడు నెలలకొకసారి."

"మా కోడలు ఆస్పత్రిలో ఉంది. మూడు నెలలుండదు. నీళ్ళాఫీసుకి ఈ పూట ఫోన్ చెయ్యండి."

"చూడండి, సరిచూసుకోని సమాచారం మేము బయటికి పంపకూడదు. రేపు తప్పని తేలితే మా మీద నమ్మకం పోతుంది."

ఆయన చెవి మీది సుద్దముక్క తీసి అద్దం గోడ దగ్గరికి నడిచాడు. ఆడవాళ్ళ వైపు తిరిగి, "రండర్రా, ఒక్కలొక్కలే. ఇంటికాడ ఎవులికో సెప్పండి" అన్నాడు. ఒకావిడ వచ్చి మొగుడి పేరు చెప్పింది. ఒక గీత. ఇంకొకావిడ ఇద్దరు కూతుళ్ళ పేర్లు చెప్పింది. రెండు గీతలు. అద్దం మీద సుద్ద సరిగా పడదు. ప్రతి గీతా రెండేసిసార్లు గీశాడు. కుర్చీల్లో ఉన్న చదువుకున్న పిల్లలంతా పని ఆపి చూస్తున్నారు. పద్దెనిమిది అయ్యాక ఆగాడు. చివరి గీత తనే గీశాడు, ఎవరి పేరూ చెప్పకుండా.

"పందొమ్మిది," అన్నాడు తెలుగులో. తర్వాత డైరెక్టరు వైపు తిరిగాడు. "ఆమి ఎక్‌జన్ నొయ్, దాదా." నేను ఒక్కణ్ణి కాను. ఆ తర్వాతి మాటలు తెలుగులోనే వచ్చాయి, ఇంజినీరమ్మాయి బెంగాలీలో అందించింది. "మీ లెక్కల ఉన్న ఆ ఒక్కడూ నానేనట. సూడండి నా కళ్ళు." కింది రెప్పలు వేళ్ళతో లాగి చూపించాడు. తెల్లగా ఉన్నాయి. "గల్లీల జబ్బు రానోడొక్కడే మీ లెక్కకెక్కినాడు."

మేం బయటపడుతుంటే కాపలావాడు తడిగుడ్డ తెచ్చి అద్దం తుడుస్తున్నాడు.

ఆ సాయంత్రమే ఆయన కుళాయి కట్టేశాడు. గోనెపట్టా చుట్టి, పైన రేవు తాడుతో ముడి వేశాడు. డాకులో నేర్చిన ముడి, గల్లీలో ఎవరికీ విప్పడం రాదు. పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. అవతలి వీధి కుళాయి దాకా బిందెలు మొయ్యలేక ఆడవాళ్ళు తిట్టిపోశారు.

"ముసిలోడికి మతి పోనాది!"

"పోనాది. నువ్వు మాత్రం అటే పో. ఆ కుళాయి కాడే పట్టుకో."

రెండో రోజు కోడలు చనిపోయింది. కడుపులో బిడ్డ కూడా. శవం ఇంటికి వచ్చింది. గల్లీ అంతా అక్కడుంది. ఆయన లేడు. కొడుకు వచ్చి, ఏడుస్తూ, అందరి ముందూ తండ్రిని నానా మాటలూ అన్నాడు. నేనూ బతిమాలాను. ఆయన పీట మీది నుంచి లేవలేదు.

"సావింటికి నీల్లు గావాలి మేస్టారూ. సుట్టాలొస్తారు, కాళ్ళు కడుగుతారు, టీలెడతారు. నాను లేసానంటే కత్తెట్టి ఈ తాడునే కోస్తారు." సుద్దముక్క వేళ్ళ మధ్య నలిగి పొడైపోతోంది. "మీరెల్లి నా బదులు రెండు పూలెయ్యండి."

దేవుడు లేడనే వాణ్ణి, ఆయన బదులు వెళ్ళి ఆ పిల్ల పాదాల దగ్గర పూలు పెట్టాను.

మూడో రోజు ఎవరో ఫిర్యాదు చేశారు, ప్రజల కుళాయిని ఓ ముసలాడు ఆక్రమించాడని. నీళ్ళు పాడయ్యాయంటే నెల రోజులు రాని మనుషులు, కుళాయి కట్టేశారంటే గంటలో వచ్చారు! కేసు పెడతామన్నారు. "ఎట్టండి. కాని ముందల తవ్వండి" అన్నాడు. తవ్వారు. మంచినీళ్ళ గొట్టం మురుగుకాలువ అడుగున పడుకుని ఉంది, తుప్పు పట్టి, బొటనవేలు దూరేంత కన్నంతో. ఆ భాగం కోసి అతుకు వేశారు. కేసు మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ తర్వాత గోడ మీద కొత్త గీతలు మూడు నాలుగే పడి ఆగిపోయాయి.

కొన్ని వారాలకు న్యూ టౌన్‌లో సభ. పెద్ద తెర మీద ఆ గల్లీ పటం, పక్కనే శీర్షిక: అనుసంధానించిన సమాచారం కాపాడిన వీధి. నన్ను వేదిక మీద కూర్చోబెట్టారు. నేను లేచి, "కాపాడింది తాడు" అన్నాను. చమత్కారం అనుకుని చప్పట్లు కొట్టారు. చప్పట్లు! రాజీనామా కాగితం బల్ల మీద పెట్టి దిగి వచ్చాను. అదేమీ ఘనకార్యం కాదు, ఆలస్యంగా వచ్చిన సిగ్గు. ఇంజినీరమ్మాయి నియమం మార్చాలని పట్టుబట్టింది, ఆ పిల్లను బస్సు కార్డుల లెక్కల పనికి మార్చారు. గల్లీవాళ్ళకు మాత్రం ఒక ప్రకటన పంపారు, ప్రతి ఒక్కరూ సొంత నంబరు ఇవ్వాలని. అది కూడా ఆయన ఫోనుకే వచ్చింది. సందులో నిలబడి చదివి వినిపించాడు. ఎవరూ నవ్వలేదు.

విజ్ఞానం మీద నా కోపం కాదు. చూడటం మానేసి విజ్ఞానమని పేరు పెట్టుకున్న బద్ధకం మీద. పేదవాళ్ళ ఇంట్లో ఎన్ని ఫోన్లుంటాయో వెళ్ళి చూడటానికి ఓ బస్సు టిక్కెట్టు చాలు. ఆ బస్సు ఎవరూ ఎక్కలేదు. నేనూ ఎక్కలేదు. ఆయన మొక్కిన దేవుణ్ణి ఆయన లెక్కలోకి తేలేదు. నేను లెక్కకే మొక్కాను. మా ఇద్దరిలో హేతువాది ఎవరు?

చలికాలంలో ఓ ఉదయం గుండె ఆగి పోయాడు. శవపేటికలో కూడా చెవి మీద సుద్దముక్క ఉంది. ఎవరు పెట్టారో ఎవరూ చెప్పలేదు.

కిటికీ దగ్గర గుమాస్తా ఇంకా అడుగుతున్నాడు. "వేరే నంబరు చెప్పు దీదీ. లేకపోతే పక్కకు తప్పుకో."

ఆవిడకు వేరే నంబరు లేదు. నేను ముందుకు వంగి నా నంబరు చెప్పాను. ఏం చేస్తున్నానో తెలుసు, ఇంకో తప్పుడు ముడి వేస్తున్నాను. కాని ఆవిడ చేతిలో చీటీ పడాలి.

"ఏమైందమ్మా?" అన్నాను తెలుగులో.

తెలుగు వినగానే కొంగు తీసి నా వైపు తిరిగింది. "వారం బట్టి తిండి సయించట్లేదు బాబూ. వాంతులు. మా పక్కింటి పిల్లకీ అలాగే ఉన్నాదంట."

చూశాను. ఆవిడ కళ్ళు పచ్చగా ఉన్నాయి.

అలవాటుగా చెయ్యి జేబులోని ఫోను మీదికి పోయింది, పటం తెరవడానికి. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నేను వచ్చింది బీపీ మాత్రల కోసం. ఆ పక్కిల్లు ఎక్కడో ఆవిణ్ణి అడిగి, లైను వదిలేసి వాట్‌గంజ్ బస్సెక్కాను. దిగాక కొట్లో ఒక సుద్దముక్క అడిగితే డబ్బా మొత్తం కొనుక్కోమన్నాడు. కొన్నాను. కుళాయి నడుస్తోంది, ఆడవాళ్ళు బిందెలు పడుతున్నారు. పక్క గోడ మీద ఆయన గీతలు వానకు కొట్టుకుపోయి, ఆనవాళ్ళు మిగిలాయి.

వాటి కింద ఒక గీత గీశాను. ఒకటే. పక్కింటి పిల్లను నేనింకా చూడలేదు.

వెళ్ళి ఆ తలుపు కొట్టాను.